రాయగడలో కొత్తగా బ్యాంకు ఉద్యోగంలో చేరిన మేనల్లుడికి

అల్లుడూ,

మొన్న ఫోన్లో "టైమ్ చాలడం లేదు మావయ్యా, పడుకున్నా లెక్కలే కనిపిస్తున్నాయి" అన్నావు. అప్పుడే చెబుదామనుకున్నాను గానీ నాతో మాట్లాడుతూనే పక్కన ఇంకెవరికో "హా సార్, ఇప్పుడే సార్" అంటున్నావు. అందుకే రాస్తున్నాను.

నీ పని ఎక్కువైందా, నీ పని మధ్యలోకి అందరి పనీ వచ్చి చేరిందా? అది ముందు తేల్చుకో. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ముసలాయన ఎవరైనా ఒడియా రాక కౌంటర్ దగ్గర నిలబడితే చాలు, "ఆ అబ్బాయి తెలుగువాడే" అని నీ దగ్గరికి పంపేస్తారు. నాకూ సర్వీసంతా అదే జరిగింది. ఫారం నింపిపెట్టాలి, కాదనను. కానీ పిలిచినప్పుడల్లా లేస్తే నీ వోచర్ల కట్ట సాయంత్రం దాకా కదలదు. "రోజూ పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఆ పని నేను చూస్తాను, మిగతా టైమ్‌లో మరీ అర్జెంటయితేనే పిలవండి" అని మేనేజర్‌కి చెప్పేయ్. నేనైతే ఈ ముక్క అడగడానికి ఆరేళ్లు భయపడ్డాను. అడిగాక మా మేనేజర్ "సరే" అన్నాడు, అంతే!

ఒకసారి మార్చి నెలాఖరున లెక్కలో 270 రూపాయలు తేడా వచ్చింది. రాత్రి పదయింది, చూసిన వోచరే మళ్లీ చూస్తున్నాను, చేతులు వణుకుతున్నాయి. మా హెడ్ క్యాషియర్ బరంపురం ఆయన, నా చేతిలోంచి లెడ్జరు లాక్కుని మూసేసి టీకి తీసుకుపోయాడు. టీ తాగుతూ "తేడాని 9తో భాగించి చూశావా?" అన్నాడు. శేషం లేకుండా పోతే పక్కపక్క అంకెలు తారుమారై ఉండొచ్చు. తిరిగొచ్చి అదే వెతికితే అయిదు నిమిషాల్లో దొరికింది, 580ని 850 అని రాశాను. అంతకుముందు ఆ కాగితాన్ని నాలుగుసార్లయినా తిరగేసి ఉంటాను. అందుకే చెబుతున్నా, లెక్క కుదరనప్పుడు కుర్చీ పట్టుకుని వేలాడకు, లేచి బయటికి పో.

25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అని ఇటలీ ఆయన ఫ్రాన్సెస్కో చిరిల్లో టమాటా ఆకారం టైమర్‌తో మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది. కౌంటర్ ముందు లైనుంటే అది సాగదులే. గేటు తెరవకముందు ఫైళ్లు చూసేటప్పుడు మాత్రం బాగా పనికొస్తుంది.

ఇంకొకటి, సాయంత్రం కుర్చీలోంచి లేచేముందు రేపు పొద్దున్న మొదట చేయాల్సిన పని ఒక్కటి కాగితం మీద రాసిపెట్టు. పది రాయకు, పది రాస్తే అదో కొత్త టెన్షన్. రాసేస్తే అది ఆఫీసులోనే ఉంటుంది, నీ మంచం దాకా రాదు. రాత్రి తొమ్మిది దాటాక ఆఫీసు వాట్సాప్ గ్రూపు తెరవొద్దు, కొంప మునిగేదైతే ఫోనే చేస్తారు.

ఇవన్నీ చేసినా రెండు వారాలు నిద్ర పట్టకపోతే మొహమాటపడకు. 2022లో కేంద్రం పెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, 14416కి చెయ్యి. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. డాక్టర్ దగ్గరికైనా సరే, నేను తోడొస్తాను.

మీ నాన్న ఆదివారం గుణుపూర్ నుంచి మీ దగ్గరికి వస్తున్నాడటగా, రెండు ఖాళీ డైరీలు ఇచ్చి పంపుతున్నాను. పాత ఏడాదివే, తేదీలు కొట్టేసి రాసుకో.

మీ మావయ్య