మెసేజ్ వెళ్తుంది, కాల్ వెళ్లదేం?

ప్రశ్న: మా ఆయన దుబాయ్‌లో వెల్డరు, వెళ్లి మూడు నెలలైంది. వాట్సాప్‌లో ఫొటోలు, మెసేజ్‌లు వస్తున్నాయి. కాల్ చేస్తే రింగవుతుంది, ఎత్తాక మాట రాదు. సిమ్ మార్చాను, కొత్త ఫోనూ కొన్నాను. కువైట్‌లో ఉన్న మా మరిది వాట్సాప్‌లోనే మాట్లాడతాడు. రూములో వాళ్లు వీపీఎన్ అనే యాప్ వేసుకోమంటున్నారట. వేసుకోమననా?
– ఒక సోదరి, సోంపేట మండలం

జవాబు: ఫోను కొనకముందు రాయాల్సింది చెల్లెమ్మా! లోపం మీ ఫోనులో లేదు, మన టవర్లోనూ లేదు. వాట్సాప్ కాల్ లాంటి అనుమతి లేని ఇంటర్నెట్ కాల్స్‌ను దుబాయ్‌లోని సిమ్ కంపెనీలే ఆపేస్తాయి. కువైట్‌ది వేరే దేశం, వేరే పద్ధతి.

మెసేజ్, ఫొటో, వాయిస్ మెసేజ్ ఒక్కసారిగా వెళ్లిపోయే మూటలు. కాల్ అలా కాదు, మాట చిన్న చిన్న ముక్కలై అటూ ఇటూ ఆగకుండా నడుస్తుంది. బస్తా విప్పకుండా పైన తడిమి ఇవి జీడిపిక్కలని చెప్పేస్తారు చూడండి, మన పలాస వ్యాపారులు! అలాగే లోపలి మాట వినకుండానే, ఆ నడక చూసి ఇది కాల్ అని పట్టేస్తారు. అందుకే మీరు ఇక్కడ ఎన్ని సిమ్‌లు మార్చినా అంతే.

వీపీఎన్ అంటే మన ఇంటర్నెట్‌ను దాచి వేరే దారిలో పంపే యాప్. అది మాత్రం వద్దనండి. నేరం చేయడానికి గానీ, దాన్ని కప్పిపుచ్చడానికి గానీ వీపీఎన్ వాడితే అక్కడి 2021 సైబర్ చట్టం ప్రకారం జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి 20 లక్షల దాకా, లేదా జైలు, లేదా రెండూ. ఆపేసిన కాల్ కోసం వాడటమూ దీని కిందికి రావచ్చు. రూములో అందరూ వాడుతున్నారంటే అది ధైర్యం, అనుమతి కాదు. పైగా ఊరూ పేరూ లేని ఉచిత వీపీఎన్‌ను, జీతం చూసుకునే ఫోన్లోనే వేస్తారా?

అక్కడ అనుమతి ఉన్న కాలింగ్ యాప్‌లు బోటిమ్, జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ లాంటివి. బోటిమ్ అయితే ఇద్దరూ వేసుకోవాలి, ఆయన దుబాయ్ నంబరుతో, మీరు మీ నంబరుతో. ఈ జాబితా మారుతుంటుంది, ప్యాకేజీ ఏమైనా కావాలేమో సిమ్ కంపెనీనే అడగమనండి. జూమ్ ఉచితంగా 40 నిమిషాలే. నేను కాశీబుగ్గలో ఎస్టీడీ బూత్ నడిపిన రోజుల్లో జనం దుబాయ్‌కి 00971 నొక్కి, మీటరు వంక చూస్తూ "తిన్నావా" అని అడిగి పెట్టేసేవారు. వాళ్లకి 40 నిమిషాలంటే పెళ్లి భోజనమే.

అక్కడ టైము మనకన్నా గంటన్నర వెనక. ఆయన రాత్రి 7కి రూముకొస్తే మనకి ఎనిమిదిన్నర. ఆ రోజు కుదరకపోతే వాయిస్ మెసేజ్ పెట్టండి, అది ఎవరూ ఆపరు.