‘ప్రత్యేక విమానం’ ఎవరిది?

సందేహం: మాది హైదరాబాద్‌లో బేగంపేట విమానాశ్రయం దగ్గర ప్రకాశ్‌నగర్. ఇంటి మీదుగా చిన్న విమానం పోయిందంటే మర్నాడు పేపర్లో ‘ఫలానా నాయకుడు ప్రత్యేక విమానంలో ఢిల్లీ వెళ్లారు’ అని ఉంటుంది. ఆ ఖర్చు ఎవరు పెట్టారో తెలుసుకుందామని సమాచార హక్కు చట్టం కింద తెలుగులోనే దరఖాస్తు రాస్తున్నాను. ‘ప్రత్యేక విమానం’ అని రాయాలా, ‘ప్రైవేటు విమానం’ అనా, ‘స్వంత విమానం’ అనా? అలాగే ‘జవాబుదారీ’ ఒప్పా, ‘జవాబుదారీతనం’ ఒప్పా?

సమాధానం: ఆ మూడు మాటల్లో ఒక్కటీ మీ పనికి రాదండీ. మొదటిది అసలే రాదు.

‘ప్రత్యేక’లో ఉన్నవి ‘ప్రతి’, ‘ఏక’. సంస్కృతంలో ఒక్కొక్కటి, విడివిడిగా అని అర్థం. తెలుగులోకి వచ్చాక ఈ మాట రెండు దారులు పట్టింది. ‘ప్రత్యేక తెలంగాణ’ అంటే వేరు తెలంగాణ. ‘ప్రత్యేక హోదా’ అంటే అందరికీ లేని హోదా. మాట ఒకటే, ఉద్యమాలు రెండు. సంక్రాంతికి హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండు నుంచి వేసే ప్రత్యేక బస్సుల్లో మూడో అర్థం కూడా ఉంది, టికెట్టు ఒకటిన్నర రెట్లని. అయినా ఆ బస్సు ఎవరిదో, ఎంత తీసుకున్నారో టికెట్టు మీదే ఉంటుంది.

విమానం దగ్గరికొచ్చేసరికి ‘ప్రత్యేక’ ఒక్కటే చెబుతుంది, ఇది మనం టికెట్టు కొనుక్కుని ఎక్కేది కాదని. ఏది కాదో చెప్పి, ఏదో చెప్పకుండా ఊరుకుంటుంది. అది ప్రభుత్వానిదే కావచ్చు, ప్రభుత్వం అద్దెకు తీసుకున్నది కావచ్చు, పార్టీ అద్దెకు తీసుకున్నది కావచ్చు, ఎవరో పారిశ్రామికవేత్త ‘మనదే సార్, వాడుకోండి’ అని పంపినది కావచ్చు. అన్నింటికీ జేబు ఒకటి కాదు. నేనూ కొన్నేళ్లు పత్రిక డెస్కులో పనిచేశాను. ఆ మాటను ఎన్నిసార్లు దిద్దకుండా వదిలేశానో లెక్కలేదు. పైగా దాని ముందు ‘హుటాహుటిన’ ఒకటి. ఇక ‘విమానం ఏర్పాటు చేయబడింది’ అని రాశామంటే ఏర్పాటు చేసినవాడు కూడా వాక్యంలోంచి తప్పుకున్నట్టే.

‘ప్రైవేటు విమానం’తో వేరే చిక్కు. అద్దె విమానాలు నడిపేవి చాలావరకు ప్రైవేటు కంపెనీలే. వాటికి కట్టేది ఖజానా డబ్బు కావచ్చు. ‘మీ శాఖ ప్రైవేటు విమానం వాడిందా?’ అని మీరడిగితే, ‘మా శాఖకు ప్రైవేటు విమానాలు లేవు’ అని జవాబు రావచ్చు. అందులో అబద్ధమేమీ ఉండదు, మీకు తెలిసిందేమీ ఉండదు.

‘స్వంత’ మాత్రం తప్పే. తెలుగు మాట సొంతం. దాన్ని సంస్కృతంలా కనిపించేట్టు ‘స్వంతం’ చేశాం. సంస్కృతంలో ‘స్వంత’ అంటే మంచి ముగింపు గలది, సు, అంత కలిసి. ఆ లెక్కన స్వంత విమానమంటే క్షేమంగా దిగిన విమానమని చెప్పుకోవాలి.

మరి ఏం రాయాలి? మన దగ్గర మాటలకు కరువు లేదు. సర్కారుది, సొంతది, అద్దెది, ఎరువుది. ఈ ఎరువు పొలానికి వేసేది కాదు. పెళ్లికి వెళ్లేటప్పుడు పక్కింటావిడ దగ్గర నెక్లెస్ ఎరువు తెచ్చుకునేవారు చూడండి, అది. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అని సామెత. అద్దె ఇచ్చుకుంటే ఋణం అక్కడికి తీరిపోతుంది, ఎరువు తెచ్చుకుంటే మొహమాటం మిగిలిపోతుంది. పారిశ్రామికవేత్త పంపిన విమానానికి ‘ఎరువు విమానం’ కన్నా సరైన మాట నాకు తోచలేదు. అందుకు పాత ఉదాహరణ కూడా ఉంది. పుష్పకం కుబేరుడిది, రావణుడు లాక్కున్నాడు, విభీషణుడు రాముడికి ఇచ్చాడు. అయోధ్య దగ్గరి నందిగ్రామంలో దిగాక రాముడు చేసిన పనుల్లో ఒకటి, దాన్ని కుబేరుడి దగ్గరికి తిప్పి పంపడం. ఎవరిది, ఎవరు వాడుకున్నారు, చివరికి ఎక్కడికి పోయింది, అన్నీ వాల్మీకి రాసిపెట్టాడు.

అద్దె అనండి, మన హైదరాబాద్‌లో కిరాయి అనండి, దాని దగ్గర కాస్త ఆగాలి. రాత్రి పదింటికి శంషాబాద్ వైపు ఆటో మాట్లాడితే ‘వాపస్ ఖాళీ రావాలె సార్’ అని మీటరు మీద ఇంకో వంద అడుగుతాడు. విమానం కిరాయిదీ దాదాపు అదే పద్ధతి. నాయకుణ్ని దించి ఖాళీగా తిరిగొచ్చినా, ఎక్కించుకోవడానికి ఖాళీగా వెళ్లినా ఆ గంటలు సాధారణంగా బిల్లులోకి వస్తాయి. రాత్రి అక్కడే ఆగితే ఆ ఖర్చు వేరు. కాబట్టి ‘ప్రయాణ ఖర్చు’ అని మాత్రమే అడిగితే సగం లెక్క చేతికి రాకపోవచ్చు. ‘మొత్తం బిల్లు’ అని అడగండి.

లెక్క అంటే గుర్తొచ్చింది. ‘లెక్కలోకి రాదు’ అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, ఎన్నికల చట్టంలో అది అక్షరాలా ఉన్న సంగతి. 1951 ప్రజా ప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం, పార్టీ జాబితాలో ఇచ్చిన స్టార్ క్యాంపెయినర్లు పార్టీ ప్రచారానికి విమానంలో తిరిగితే ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదు. గుర్తింపు పొందిన పార్టీకి అలాంటివాళ్లు 40 మంది దాకా. పార్టీ మాత్రం తన ఎన్నికల ఖర్చును అసెంబ్లీ ఎన్నికలైతే 75 రోజుల్లో, లోక్‌సభవైతే 90 రోజుల్లో ఎన్నికల సంఘానికి చూపించాలి. అంటే ప్రచారపు విమానం గురించి మీరు వెతకాల్సింది ఆ లెక్కల్లో. సచివాలయంలో అడిగితే ‘మాకు సంబంధం లేదు’ అంటారు, నిజంగానే సంబంధం ఉండదు కాబట్టి.

అందుకే ‘ఏ పని మీద’ అన్న ముక్క తప్పనిసరి. ఆస్ట్రేలియాలో ప్రతినిధుల సభ స్పీకర్ బ్రాన్విన్ బిషప్ 2014 నవంబరులో మెల్‌బోర్న్ నుంచి జీలాంగ్‌కు హెలికాప్టర్ కట్టించుకున్నారు. కారులో గంట దారి. కిరాయి 5,227 డాలర్లు. వెళ్లింది పార్టీ నిధులు పోగుచేసే సభకు, కట్టింది ప్రజల డబ్బు. సంగతి బయటపడ్డాక 2015 ఆగస్టులో పదవి వదులుకోవాల్సి వచ్చింది. అక్కడి పత్రికలు దీనికి ‘చాపర్‌గేట్’ అని పేరు పెట్టాయి, చాపర్ అంటే హెలికాప్టరే. (అమెరికాలో నిక్సన్ పదవి పోగొట్టిన వాటర్‌గేట్ తోకను ప్రతి గొడవకూ తగిలించడం ఇంగ్లీషువాళ్ల అలవాటు. మనం ప్రతిదాన్నీ పాపం ఆ తమిళ ఊరి పేరుతో కుంభకోణం అంటాం.) పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎందుకు, ఎంత అన్న నాలుగూ ఒకచోట చేరాయి.

ఇక జవాబుదారీ. జవాబు అరబ్బీ, దార్ పారసీ, చివరి ఈకారం ‘తనం’ లాంటిది. జమీందారుకు జమీందారీ ఎలాగో, జవాబుదారుకు జవాబుదారీ అలా. కాబట్టి ‘జవాబుదారీతనం’లో తనం రెండుసార్లు ఉంది. అలాగని తప్పు పట్టను. ‘జవాబుదారీగా ఉండాలి’ అని రోజూ వాడేసరికి తెలుగు చెవికి అది విశేషణంలా వినబడుతోంది, అందుకే తనం అడిగింది. దారును మనం ఎంత సొంతం చేసుకున్నామంటే లబ్ధిదారు, పన్ను చెల్లింపుదారు అని మన మాటలకే తగిలిస్తున్నాం. రెండూ వాడుకోండి. మనిషి గురించైతే జవాబుదారు. సంస్కృతం ముక్క కావాలంటే ఉత్తరవాది ఉండనే ఉంది, అందులోనూ ఉన్నది జవాబే.

చిక్కల్లా అక్కడే. ఇంగ్లీషు అకౌంటబిలిటీలో అకౌంటు ఉంది, మన మాటలో జవాబు మాత్రమే ఉంది. ‘ప్రజా ప్రయోజనాల దృష్ట్యా వెళ్లారు’ అన్నదీ జవాబే. అకౌంటబిలిటీకి తెలుగులో ఉన్న అసలైన మాట ‘లెక్క చెప్పడం’. మా గల్లీలో నిమజ్జనం అయిన మర్నాడు కుర్రాళ్లు తెల్లబోర్డు మీద రాసి పెడతారు. చందాలు ఇంత, లడ్డూ వేలం ఇంత, ట్రాలీ కిరాయి ఇంత, డప్పులవాళ్లకింత, మిగిలింది ఇంత. వాళ్లెవరికీ జవాబుదారీతనం అనే మాట నోరు తిరగదు.

మీ దరఖాస్తు ఇలా ఉండవచ్చు: ‘ఫలానా తేదీన ఫలానావారు హైదరాబాద్ నుంచి ఢిల్లీకి వెళ్లి వచ్చిన విమానం ప్రభుత్వానిదా, అద్దెదా? అద్దెదైతే ఎవరి దగ్గర తీసుకున్నారు? ఏ పని మీద వెళ్లారు? ఎంతమంది ప్రయాణించారు? ఖాళీ ప్రయాణాలతో సహా మొత్తం బిల్లు ఎంత? ఏ పద్దు కింద చెల్లించారు? బిల్లు నకలు ఇవ్వండి.’ ప్రభుత్వం ఏమీ చెల్లించకపోతే ఆ మాటే రాసివ్వమనండి, అప్పుడది పార్టీదో ఎరువుదో మీరే ఊహించుకోవచ్చు.

మీరు జతచేసిన చిత్తులో చివర ‘దయతలచి ఇప్పించవలసిందిగా వేడుకొనుచున్నాను’ అని ఉంది. అది కొట్టేయండి. ఎందుకు అడుగుతున్నారో కారణం కూడా రాయక్కర్లేదు, చట్టమే అక్కర్లేదంది. ‘కోరుతున్నాను’ చాలు. కింద తేదీ వేసి సంతకం చేయండి. పది రూపాయల రుసుము మరవకండి.