గీత మీద పడని ఆ ఒక్క చుక్క

మీ ప్రశ్న ఇది: పీహెచ్‌డీలో చేరాను, గైడ్ గారు మంచి ప్రాబ్లం వెతుక్కుని రమ్మన్నారు, అసలు మంచి రీసెర్చ్‌కి లక్షణాలేమిటి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? నేను బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు పీజీ పిల్లల ల్యాబ్, ప్రాజెక్టులు చూస్తున్నాను కాబట్టి నా సబ్జెక్టులోంచే చెబుతాను.

మెథడాలజీ పుస్తకాల్లో ఉండే జాబితా, అంటే క్రమపద్ధతి ఉండాలి, పక్షపాతం ఉండకూడదు, ఇంకొకరు చేసినా అదే ఫలితం రావాలి అనేవన్నీ నిజమే, చదువుకోండి. కానీ ఒక విద్యార్థి మంచి రీసెర్చ్ చేస్తాడా లేదా అని నాకు తెలిసేది ఒక్క చోటే. తాను అనుకున్నదానికి పొసగని రీడింగ్ వచ్చినప్పుడు ఏం చేస్తాడన్న దగ్గర.

మా ల్యాబ్‌లో ఏటా ఫాస్ఫరస్ ఎస్టిమేషన్, అంటే శాంపిల్‌లో ఫాస్ఫేట్ ఎంతుందో కొలవడం, చేయిస్తాం. అమ్మోనియం మాలిబ్డేట్, ఆ తర్వాత ఏఎన్‌ఎస్‌ఏ అనే రీఏజెంట్ కలిపితే నీలం రంగు వస్తుంది, ఆ రంగు ఎంత గాఢంగా ఉందో కలరీమీటర్‌లో రీడింగ్ తీసుకుని, తెలిసిన మోతాదులకు వచ్చిన రీడింగులతో స్టాండర్డ్ గ్రాఫ్ గీయాలి. నాలుగు చుక్కలు గీత మీద పడి అయిదోది పక్కకు పోతే, చాలామంది దాన్ని గీత మీదకు జరిపేసి రికార్డు రాసేస్తారు. గీత తిన్నగా ఉంటేనే మార్కులు పడతాయని సీనియర్లు నూరిపోస్తారు మరి. ఒక ఏడాది ఒకమ్మాయి బ్లాంక్ ట్యూబ్ పట్టుకొచ్చి "మేడమ్, ఇందులో ఫాస్ఫేట్ వెయ్యనే లేదు, అయినా నీలం వస్తోంది" అంది. జీరో సెట్ చేసుకుని ముందుకు పోవచ్చు, పక్క బెంచీ వాళ్లు అదే చేశారు. ఈ పిల్ల మాత్రం రీఏజెంట్లు ఒక్కొక్కటే మార్చి చూసింది, నీళ్లు మార్చింది, చివరికి తేలిందేమిటంటే ట్యూబులు కడిగిన డిటర్జెంట్‌లోనే ఫాస్ఫేట్ ఉంది! పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాక బ్లాంక్ మామూలుగా వచ్చింది. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, అయినా ఆ మధ్యాహ్నం ఆమె చేసిన పని పక్కా రీసెర్చ్.

ఈ పద్ధతి పేరే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించారు. మన పిల్లలు పేరు బట్టీ పడతారు గానీ తర్వాత జరిగింది వాళ్లకు ఎవరూ చెప్పరు, నాకు అదే బాధ. వాళ్లు అదే పద్ధతితో కండరంలోని ఫాస్ఫేట్ కొలుస్తుంటే, స్టాండర్డ్‌లో వచ్చినట్టు రంగు వెంటనే రాలేదు, నెమ్మదిగా పెరుగుతూ పోయింది. కాసేపు ఆగితే లెక్క ఎలాగూ సరిపోతుందని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఆలస్యం ఎందుకని తవ్వితే, అప్పటిదాకా మామూలు ఫాస్ఫేట్ అనుకున్నదాంట్లో చాలా భాగం క్రియాటిన్‌తో కలిసి ఉందనీ, ఆ యాసిడ్‌లో కొంచెం కొంచెంగా విడిపోతోందనీ బయటపడింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. కండరానికి శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందన్న విషయంలో అప్పటి అవగాహనే మారడానికి అదొక కారణం.

ఇక ప్రాబ్లం సంగతి. "ఔషధ మొక్కల మీద చేస్తాను" అంటే అది ప్రాబ్లం కాదు, అందులో పది జీవితాలు పడతాయి. ఫలానా ఆకు సారం, పిండిపదార్థాన్ని అరిగించే ఆల్ఫా అమైలేజ్ ఎంజైమ్‌ని ఎంత మోతాదులో ఆపుతుంది, షుగర్ మందు అకార్బోజ్‌తో పోలిస్తే ఎంత అనే దగ్గరికి దిగండి. దిగాక, ఏ ఫలితం వస్తే నా ఊహ తప్పని ఒప్పుకుంటాను అన్నది ప్రయోగానికి ముందే కాగితం మీద రాసుకోండి. అలా రాయలేకపోతున్నారంటే ప్రశ్న ఇంకా తయారు కాలేదన్నమాట.

చదవడం శోధ్‌గంగతో మొదలుపెట్టండి. మన యూనివర్సిటీల థీసిస్‌లు అక్కడ ఉచితంగా దొరుకుతాయి, మీ టాపిక్‌లో మీ కంటే ముందు ఎవరెవరు ఎక్కడ ఆగిపోయారో తెలుస్తుంది. పేపర్ చదివేటప్పుడు అబ్‌స్ట్రాక్ట్ చదివి వదిలేయకుండా ముందు టేబుళ్లు, మెథడ్స్ చూడండి: ఎన్ని శాంపిళ్లు, కంట్రోల్ ఏది, ఎన్నిసార్లు చేశారు. ఒకరి పేపర్‌లో కనిపించిన రిఫరెన్స్‌ని అసలు పేపర్ తెరవకుండా మీ థీసిస్‌లోకి ఎత్తుకోవద్దు, తప్పులు తరాలు మారి వచ్చేది అలాగే.

నోట్‌బుక్ బైండు చేసినదై ఉండాలి, పెన్నుతో రాయాలి, తేదీ, రీఏజెంట్ బ్యాచ్ నంబర్ సహా. పొరపాటైతే ఒక్క గీత కొట్టి పక్కన రాయండి, వైట్‌నర్ వద్దు. కొట్టేసిన అంకె కూడా కనిపించాలి, ఆర్నెల్ల తర్వాత దాంతోనే పని పడొచ్చు.

సిమిలారిటీ, అంటే మీ థీసిస్‌లో ఇతరుల రాతలతో కలిసే భాగం, 10 శాతం లోపుంటే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం శిక్ష ఉండదు కదా అని సాఫ్ట్‌వేర్‌కి దొరక్కుండా పదాలు మార్చే పనిలో నెలలు పోగొట్టుకోకండి, అర్థం చేసుకుని మీ మాటల్లో రాస్తే ఆ టెన్షనే ఉండదు. డబ్బు కడితే వారంలో వేసేస్తామనే జర్నళ్ల మెయిళ్లు మొదటి ఏడాదే మొదలవుతాయి, జవాబివ్వకండి.

గైడ్ గారి దగ్గరికి ఒక్క టాపిక్‌తో వెళ్లకండి. రెండు మూడు ప్రశ్నలు, ఒక్కోదానికి కావాల్సిన పరికరాలు, కెమికల్స్ ఖర్చు, అది మీ ల్యాబ్‌లో జరిగే పనేనా అన్నది ఒక పేజీలో రాసుకుని వెళితే, ఆయన ఏది వద్దంటున్నారో, ఎందుకు వద్దంటున్నారో అడిగి తెలుసుకోవచ్చు.