బాలల సంరక్షణ హోమ్‌లో చేరిన పిల్లల వైద్య పరీక్షకు తల్లిదండ్రుల సంతకం కావాలా?

అక్కర్లేదు, చేరిన 24 గంటల్లోపు పరీక్ష చేయించే బాధ్యత ఆ హోమ్ ఇన్‌చార్జిదే. క్షయ, గజ్జి లాంటివి తోటి పిల్లలకు అంటకముందే పట్టుకోవాలి, ఒంటిమీది గాయాలు మానకముందే రాసిపెట్టాలి. ఉదాహరణకు, ఒడిశాలోని రాయగడ రైల్వే స్టేషన్‌లో తెలుగు మాత్రమే వచ్చిన పాప దొరికిందనుకోండి. డాక్టరు దగ్గరికి తెలుగు తెలిసినవాళ్లు తోడు వెళ్లాలి. నొప్పెక్కడో, ఏ మందులు వాడుతోందో ఆ పిల్లే చెప్పాలి కదా. ఈ వైపు సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు) పరీక్ష తప్పక అడగండి. దానికి మొదట చేసే సాల్యుబిలిటీ పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు, వాహకులకూ (జబ్బు లేకుండా ఆ జన్యువు ఒకటి మాత్రమే ఉన్నవాళ్లకూ) అలాగే వస్తుంది, రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షతో తేల్చుకోవాలి.

చాలామంది ఆపరేషన్ నిబంధనతో పొరబడతారు. సంతకం కావలసింది దానికి. అక్కడైనా తల్లిదండ్రులు దొరక్క, ఆలస్యం ప్రమాదమని డాక్టరు చెబితే ఇన్‌చార్జి రాతపూర్వక అనుమతితో చేస్తారు.