టెక్ సందేహాలు: పంపు మార్చే ముందు ట్యాంకు మూత తీసి చూడండి

ప్రశ్న: మాది ఒడిశాలో గుణుపురం దగ్గర పల్లె. వంశధార పక్కన రెండెకరాల మడి ఉంది. ఐదు హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్‌తో నీళ్లు తోడుతున్నాం. పొద్దున్నే ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుతుంది. ఇరవై నిమిషాలు తిరిగాక మూలుగుతూ ఆగిపోతుంది. అరగంట వదిలేస్తే మళ్లీ మామూలే. మిస్త్రి వచ్చి ‘పంపు ఖరాప్’ అని తేల్చేశాడు. ఊడ్పులు సగంలో ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది. పంపు మార్చాలా? వానకి తడవకుండా ట్యాంకుకి పాలిథిన్ కవరు కట్టి జాగ్రత్తగానే చూసుకుంటున్నాం.

జవాబు: ఫోన్లూ ల్యాప్‌టాప్‌ల మధ్య ఇంజిన్ ఉత్తరం రావడం ఇదే మొదటిసారి. సంతోషమే. ముందుగా ఒక మాట: మిస్త్రి అన్నది నీళ్లు తోడే పంపు గురించి కాదు, ఇంజిన్ లోపలికి డీజిల్ చిమ్మే నాజిల్‌కి డీజిల్ కొట్టే పంపు గురించి. బిల్లు చేతికొచ్చేదాకా ఈ రెంటికీ తేడా తెలియనివాళ్లు చాలామందే ఉన్నారు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది చివరి వాక్యం. ట్యాంకు మూతకి చిన్న కన్నం ఉంటుంది. డీజిల్ కిందికి దిగేకొద్దీ ఆ కన్నంలోంచి గాలి లోపలికి వెళ్లాలి. మీరు కవరు బిగించి దాన్ని మూసేసి ఉండొచ్చు. ఐదు హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తి లోడు మీద గంటకి సుమారు లీటరు, లీటరుంబావు డీజిల్ తాగుతుంది. ఇరవై నిమిషాల్లో మూడు నాలుగు వందల మిల్లీలీటర్లు ట్యాంకులోంచి పోతాయి, ఆ జాగాలోకి గాలి రాదు. ఇలాంటి ఇంజిన్లు చాలావాటికి ట్యాంకులోంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు ఉండదు, ట్యాంకు ఎత్తులో ఉంది కాబట్టే డీజిల్ దిగుతుంది. లోపల గాలి పలచబడితే ఆ దిగడం ఆగిపోతుంది. అరగంటలో సందుల్లోంచి కాస్త గాలి చొరబడుతుంది, ఇంజిన్ మళ్లీ లేస్తుంది.

ఈసారి ఆగగానే కవరు విప్పి మూత తియ్యండి. ‘ఉస్స్’మని గాలి లోపలికి పోయి, ఎయిర్ తీశాక (అంటే పైపుల్లో చేరిన గాలి బుడగల్ని బయటికి పంపాక) ఇంజిన్ వెంటనే అందుకుంటే దొంగ దొరికినట్టే. ఇంకో గుర్తు కూడా ఉంది: ట్యాంకు నిండుగా ఉన్న రోజు త్వరగా, సగమే ఉన్న రోజు ఆలస్యంగా ఆగుతోందా? నిండు ట్యాంకులో గాలి జాగా తక్కువ, అందుకని బిగింపు తొందరగా వస్తుంది. పంపు అరిగిపోతే దానికి ట్యాంకు లెక్కతో పని లేదు. కన్నం సంగతి తేలితే కవరు మానేసి, పైన చిన్న రేకు గొడుగులా పెట్టుకోండి.

మూత తీసినా లేవకపోతే, పంపుకి డీజిల్ అందుతోందా అన్నది చూడాలి. ఫిల్టర్ నుంచి పంపుకి వచ్చే పైపు విప్పి సీసాలో పట్టండి. ఇంజిన్‌కి పూర్తి లోడులో కావలసింది నిమిషానికి ఇరవై మిల్లీలీటర్లే, కానీ ధార తెగకుండా, దానికి ఎన్నో రెట్లు రావాలి. చుక్కలు చుక్కలుగా పడుతుంటే ట్యాంకు కింది కుళాయి, అదే కాక్ దగ్గర చెత్త ఉండొచ్చు, లేదా ఫిల్టర్ మూసుకుని ఉండొచ్చు. ఆ సీసాని పది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున నీళ్లు తేరుతాయేమో కూడా తెలుస్తుంది. నీళ్లుంటే డ్రమ్ము అడుగు డీజిల్ వాడకండి.

ఏ పైపు విప్పినా తరవాత ఎయిర్ తీయాల్సిందే. ఫిల్టర్ మీది స్క్రూ, పంపు మీది స్క్రూ వదులు చేసి బుడగలు పోయేదాకా డీజిల్ కారనిచ్చి బిగించండి. పైపు చివరలని బిగించే బాంజో బోల్టుల దగ్గర కాపర్ వాషర్ల అరుగుదల చూడండి. డీజిల్ బయటికి కారనంత సన్నని సందులోంచి కూడా గాలి లోపలికి పోగలదు.

ఇక పంపు వంతు. డీకంప్రెషన్ లివర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసి తేలిగ్గా తిప్పనిచ్చేది) ఎత్తి, యాక్సిలరేటర్ తెరిచి హ్యాండిల్ తిప్పండి. నాజిల్ దగ్గర ‘కిర్రు కిర్రు’ మని వినిపించాలి. వినిపించకపోతే నాజిల్ దగ్గర హైప్రెషర్ పైపు నట్టు అర చుట్టు వదులు చేసి తిప్పండి. విడివిడిగా, కొట్టినట్టు డీజిల్ ఉబికితే పంపు తోస్తోందన్నమాట. వదులుగా ఉన్నప్పుడు తోసి, బిగించాక కిర్రుమనకపోతే ఒత్తిడి నిలవట్లేదు. అప్పుడు నాజిల్, పంపు మూతి దగ్గర డీజిల్ వెనక్కి రాకుండా ఆపే డెలివరీ వాల్వ్, మిస్త్రీలు ఎలిమెంట్ అనే ప్లంజర్-బ్యారెల్ జత (డీజిల్‌ని తోసే కడ్డీ, అది కదిలే గొట్టం), ఈ మూడింటిలో ఒకటి తప్పు చేస్తోంది. ముందు నాజిల్ మార్చి చూడండి, మూడింటిలో సులభం అదే.

నాజిల్ బయటికి తీసి చిమ్మించి చూసేటప్పుడు చెయ్యి దాని ముందు పెట్టకండి. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి సుమారు రెండు వందల కిలోలు. ఆ మంచు లాంటి తుంపర చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల కండ చచ్చిపోతుంది. ‘నొప్పి లేదుగా’ అని ఇంట్లో కూర్చోకూడదు, అదే గంటలో ఆస్పత్రికి వెళ్లి ‘డీజిల్ ఎక్కింది’ అని చెప్పాలి.

ఎలిమెంట్ అరిగితే దాని ముఖ్య లక్షణం కూడా మీరు రాసిందే: చల్లగా ఉంటే లేస్తుంది, వేడెక్కితే లేవదు. ప్లంజర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు రెండు నుంచి నాలుగు మైక్రాన్లు, తల వెంట్రుకలో పదో వంతు కూడా కాదు. ఆ సందు పెరిగితే, వేడికి పలచబడిన డీజిల్ పైకి పోకుండా పక్కనుంచి జారిపోతుంది. కనిపెట్టడానికి పాత పద్ధతి ఒకటుంది: ఇంజిన్ వేడిగా ఆగాక పంపు ఒంటికి తడిగుడ్డ ఐదు నిమిషాలు చుట్టి తిప్పండి. లేస్తే ఎలిమెంట్ పోయినట్టే. తిరుగుతున్న ఇంజిన్ మీద మాత్రం చల్లనీళ్లు పొయ్యొద్దు. బ్యారెల్ కుంచించుకుని ప్లంజర్‌ని పట్టేస్తుంది, అప్పుడు మిస్త్రి మాటే నిజమవుతుంది.

మార్చక తప్పదనుకుంటే పాత పంపు పట్టుకుని వెళ్లండి. పంపు మీది నంబరు, ప్లంజర్ సైజు కలవాలి. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ‘ఇలాంటిదే’ అని తెప్పిస్తే ఒక మిల్లీమీటరు తేడాతో ఇంజిన్ నల్లపొగ కక్కుతుంది. పంపు కింద షిమ్ములనే పల్చటి రేకులుంటాయి, అవి ఎన్నుంటే అన్ని తిరిగి వెయ్యాలి, డీజిల్ ఏ క్షణంలో చిమ్మాలన్న టైమింగ్ వాటి మీదే ఉంటుంది. బిగించేటప్పుడు పంపు ర్యాక్ పిన్ను (డీజిల్ ఎంత వెళ్లాలో మార్చేది) గవర్నర్ ఫోర్కులో (ఇంజిన్ వేగాన్ని అదుపులో ఉంచే భాగంలో) కూర్చుందో లేదో రెండుసార్లు చూసుకోండి. కూర్చోకపోతే స్టార్ట్ అయిన మరుక్షణం ఇంజిన్ అదుపు తప్పి రేసైపోతుంది. అలా అయితే గాలి పీల్చే మూతికి చెక్క అడ్డం పెట్టి ఆపాలి, చెయ్యి కాదు. దీన్ని మీరే చెయ్యమని నేను చెప్పను, మిస్త్రినే పిలవండి. కాకపోతే తడిగుడ్డ పరీక్ష అయ్యాక పిలవండి.

కిరసనాయిలు కలుపుతున్నారా? రాయలేదు కానీ అడుగుతున్నాను. పంపుకి వేరే ఆయిల్ ఉండదు, డీజిల్ జిగురే దానికి నూనె. 2020 ఏప్రిల్ నుంచి మనకొచ్చే బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎమ్‌కి (పది లక్షల భాగాల్లో పది) మించదు, గంధకం తీసేటప్పుడు తగ్గిన జిగురుకి తయారీలోనే మందు కలుపుతారు. అందులో కిరసనాయిలు పోస్తే ఆ మందు పలచబడిపోతుంది.

ప్రశ్న: ఇంజిన్ శబ్దం విని జబ్బు చెప్పే యాప్ ఉందా? (పర్లాకిమిడి)

జవాబు: నమ్మదగ్గది నా కంట పడలేదు. కానీ ఫోన్ వేరేలా పనికొస్తుంది. పది సెకన్లు శబ్దం రికార్డు చేసి, కంప్యూటర్లో వాడే, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. ఒకే సిలిండరు ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్ 1500 ఆర్పీఎమ్ దగ్గర సెకనుకి పన్నెండున్నర సార్లు పేలుతుంది, అంటే పది సెకన్లలో 125 దెబ్బలు. మధ్యలో దెబ్బలు తప్పిపోతుంటే తెరమీద ఖాళీలు కనిపిస్తాయి. ఇంకోటి: ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య డీజిల్‌కి తట్టుకునే పారదర్శక పైపు వేసి స్లోమోషన్‌లో వీడియో తీస్తే, కంటికి అందని బుడగలు దొరికిపోతాయి. గుణుపురం రైతుగారు కూడా ఇది చెయ్యొచ్చు.

ప్రశ్న: ఎయిర్ తీస్తుంటే ఫోన్ డీజిల్ డబ్బాలో పడింది. ఐపీ67 (నీళ్లు, దుమ్ము చొరబడని రేటింగ్) ఉంది కదా, పర్లేదా? (రాయగడ)

జవాబు: ఐపీ67 పరీక్ష మంచినీళ్లతో, మీటరు లోతులో అరగంట. డీజిల్ ఆ లెక్కలో లేదు, లోపలి రబ్బరు సీళ్లని అది ఉబ్బిస్తుంది. ఫోన్ ఆఫ్ చేసి, సిమ్ ట్రే తీసి, పొడిగుడ్డతో తుడవండి. నీళ్లలా డీజిల్ ఎండలో ఆరిపోదు, బియ్యంలో పెట్టినా లాభం లేదు. ఛార్జింగ్ పెట్టకుండా సర్వీసుకి తీసుకెళ్లి, ఏం పడిందో దాచకుండా చెప్పండి.