ధర్మసందేహాలు: యూదుల ప్రాయశ్చిత్త దినం, క్రైస్తవుల క్షమాపణ

ప్రశ్న: అయ్యా, శ్రమల దినాల కూటాల్లో ఒక దైవసేవకులు, యూదుల ప్రాయశ్చిత్తమంతా మేకల రక్తంతోనే ముగిసిపోయిందనీ, క్షమించడమనేది యేసుతోనే లోకానికి వచ్చిందనీ ప్రసంగించారు. మరి ఆలయమే లేని నేటి యూదులు ప్రాయశ్చిత్తం ఎలా చేసుకుంటున్నారు? ఈ రెండింటికీ నిజంగా సంబంధం ఉందా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సంబంధం ఉందమ్మా, అది చాలామంది అనుకునేదానికంటే లోతైనది. మేకల సంగతి లేవీయకాండం 16వ అధ్యాయంలో ఉంది. ఏడవ నెల పదవ దినాన ప్రధాన యాజకుడు నారబట్టలు ధరించి, ముందుగా తన కోసమూ తన ఇంటివారి కోసమూ కోడెను బలి ఇచ్చి, ఆ తర్వాత రెండు మేకల మీద చీట్లు వేసేవాడు. ఒకదాని రక్తాన్ని అతిపరిశుద్ధ స్థలంలో కరుణాపీఠం ఎదుట ప్రోక్షించేవాడు. రెండోదాని తల మీద రెండు చేతులూ ఉంచి, ప్రజల దోషాలన్నీ ఒప్పుకుని, దాన్ని అరణ్యంలోకి పంపించేవాడు. ఏటేటా జరిగే ఆ ప్రవేశాన్ని క్రీస్తు ఒక్కసారే తన సొంత రక్తంతో ముగించాడని హెబ్రీ పత్రిక 9వ అధ్యాయం చెబుతుంది కనుక, ఆ దినాన్ని పక్కనబెట్టి సిలువను వివరించడం ఏ క్రైస్తవునికీ సాధ్యం కాదు. ఇంతవరకు మన సంఘాల్లో తరచుగా వినేదే.

తక్కువగా వినేది దీని తర్వాతి కథ. క్రీ.శ. 70లో రోమా సైన్యం యెరూషలేము ఆలయాన్ని నాశనం చేసింది. ప్రాయశ్చిత్తం జరిగే చోటే శిథిలమైందని ఒక శిష్యుడు విలపించగా, రబ్బీ యోహానాన్ బెన్ జక్కయి అతన్ని ఓదార్చి, అంతటి ప్రాయశ్చిత్తం మనకు మరొకటి ఉంది, అది సాటివారికి దయతో చేసే మేలు అన్నాడని యూదు సంప్రదాయం. అందుకు ఆయన చూపిన ఆధారం హోషేయ 6:6. సుంకరులతో కలిసి భోజనం చేస్తున్నాడని పరిసయ్యులు తప్పుపట్టినప్పుడు, "కనికరమునే కోరుచున్నాను గాని బలిని కోరను" అని యేసు ఎత్తిచూపినదీ ఆ వాక్యాన్నే.

నేటికీ యూదులు ఆ దినాన్ని, అంటే యోమ్ కిప్పూర్‌ను, సూర్యాస్తమయం నుంచి సుమారు 25 గంటల పాటు అన్నం, నీళ్లు ముట్టకుండా, తోలు చెప్పులు తొడగకుండా ప్రార్థనలో గడుపుతారు. నిలబడి పాపాలను ఒప్పుకునేటప్పుడు "నేను" అనరు, "మేము దోషులం, మేము ద్రోహం చేశాం" అంటారు. ఒక్కో మాటకూ పిడికిలితో రొమ్ము మీద మెల్లగా కొట్టుకుంటారు. లూకా సువార్తలో దూరంగా నిలిచి రొమ్ము కొట్టుకున్న సుంకరిని గుర్తుచేసుకోండి. కథోలిక పూజలో పాపాన్ని ఒప్పుకుంటూ విశ్వాసులు చేసేదీ అదే. ఆ మధ్యాహ్నం సమాజమందిరంలో చదివేది యోనా గ్రంథం. అందులో యోనా వెళ్లి హెచ్చరించిన నీనెవె పట్టణంవారు యూదులు కారు. అక్కడ మేకను బలి ఇచ్చినట్టు ఆ గ్రంథంలో ఎక్కడా లేదు. ఉపవాసముండి చెడునడత మానుకున్నారు, దేవుడు క్షమించాడు. క్షమాపణ యేసుకు ముందు లేదనే మాట ఈ ఒక్క గ్రంథం ముందే నిలవదు. "నీ పొరుగువాని తప్పు క్షమించు, అప్పుడు నీవు ప్రార్థించగా నీ పాపాలు క్షమించబడతాయి" అనే భావం క్రీ.పూ. 2వ శతాబ్దపు యూదు జ్ఞాన గ్రంథమైన బెన్ సీరాలోనే ఉంది. మేము ఇతరులను క్షమించినట్టు మమ్మల్ని క్షమించమని అడిగే పరలోక ప్రార్థన ఆ నేల మీద మొలిచిందే. ఇలా చెప్పడం యేసు బోధను తక్కువ చేయడం కాదు, ఆయన ఏ ప్రజల మధ్య పెరిగాడో ఆ ప్రజలకు న్యాయం చేయడం.

ప్రశ్న: మా బాబాయికి రావలసిన పొలం వాటా విషయంలో మా నాన్నగారు, నేను అన్యాయం చేశాం. ఇప్పుడు బాబాయి, నాన్నగారు ఇద్దరూ లేరు. ప్రార్థనలో దేవుని ముందు ఒప్పుకున్నాను. అది చాలదా?
— ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: పై జవాబులో మిగిలిపోయిన ముఖ్యమైన విషయం మీ ప్రశ్నలోనే ఉంది. దేవునికీ మనిషికీ మధ్య పాపాలను ప్రాయశ్చిత్త దినం పోగొడుతుంది గానీ, మనిషికీ మనిషికీ మధ్య పాపాలను, బాధితుణ్ణి సమాధానపరిచేదాకా పోగొట్టదని పూర్వపు యూదు బోధకుల ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నా స్పష్టంగా చెబుతుంది. బలిపీఠం దగ్గర నీ మీద సహోదరునికి విరోధముందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచి వెళ్లి ముందు సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో యేసు చెప్పింది దీనికి ఎంత దగ్గరో చూడండి. రెండు సంప్రదాయాలూ విడిపోయేది అడగనివారిని క్షమించే చోట: తనను సిలువ వేసినవారిని క్షమించమని యేసు తండ్రిని వేడుకున్నాడు, యూదు బోధ మాత్రం బాధితుని హక్కును మరొకరు వాడుకోకూడదని గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టుదల మనకూ అవసరమని నా అభిప్రాయం.

12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ మీలాంటివారికి దారి చెప్పాడు. బాధితుడు బతికి ఉంటే వెళ్లి అడగాలి, కాదంటే ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని వెళ్లాలి, అప్పటికీ కాదంటే రెండోసారి, మూడోసారీ వెళ్లాలి. చనిపోయి ఉంటే పదిమందిని సమాధి దగ్గరకు తీసుకువెళ్లి వారి ఎదుట తప్పు ఒప్పుకోవాలి. బాకీ ఉంటే వారసులకు చెల్లించాలి. లూకా సువార్తలోని సుంకరి జక్కయ్య కూడా అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్న తర్వాతే, ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నాడు. కాబట్టి మీ ప్రార్థన వ్యర్థం కాదు, అయితే పని సగంలోనే ఉంది. బాబాయి పిల్లలుంటే పెద్దమనుషులను వెంటబెట్టుకుని వెళ్లి జరిగింది చెప్పండి, వాటా కొలిపించి వారి పేర రిజిస్టరు చేయించండి.