పాడ్రే తీరంలో టెంట్ వేసే ముందు

చి|| బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. మెమోరియల్ డే సెలవులకి ఆస్టిన్ నుంచి మీరంతా టెక్సస్ తీరంలోని పాడ్రే ఐలండ్ వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ముందు ఫోన్‌లో దారి సరిగ్గా పెట్టుకో. ‘సౌత్ పాడ్రే’ అని కొడితే హోటళ్ళూ బార్లూ ఉన్న ఊరికి తీసుకుపోతుంది. మీరు వెళ్ళాల్సింది కార్పస్ క్రిస్టీ పక్కనున్న పాడ్రే ఐలండ్ నేషనల్ సీషోర్‌కి. రెండింటి మధ్యా మాన్స్‌ఫీల్డ్ కాలువ ఉంది, దానికి వంతెన లేదు. అటు చేరాక తప్పు తెలిస్తే చుట్టూ తిరిగి రావడానికి గంటలు పడుతుంది.

1962లో దీన్ని రక్షిత తీరంగా ప్రకటించినప్పటి నుంచి దాదాపు 70 మైళ్ళ పొడవునా హోటళ్ళు లేవనివ్వలేదు. అందుకే అంత బాగుంటుంది. అందుకే బీచ్ మీద నీడ, మంచినీళ్ళు, లైఫ్‌గార్డు కూడా ఉండవు. మనిషికి రోజుకి ఒక గాలన్ నీళ్ళు లెక్కేసి, ఇంకో రోజుకి సరిపడా అదనంగా పెట్టుకోండి.

అక్కడి మాలకైట్ క్యాంప్‌గ్రౌండ్‌లో టాయిలెట్లు, చన్నీళ్ళ షవర్లు ఉన్నాయి. మొదటిసారి వెళ్తున్నారు కాబట్టి నన్నడిగితే అదే మేలు. కానీ సెలవుల్లో త్వరగా నిండిపోతుంది. దొరక్కపోతే ప్రవేశం దగ్గర పర్మిట్ తీసుకుని ఈ పార్కులోనే ఉన్న సౌత్ బీచ్‌లో ఇసుక మీదే టెంట్ వేసుకోవచ్చు. అక్కడ తారు రోడ్డు అయిపోయి బీచే రోడ్డవుతుంది. టెక్సస్ చట్టం ప్రకారం కూడా అది రోడ్డే. లైసెన్సు, సీటు బెల్టు అన్నీ ఉండాలి.

మొదటి ఐదు మైళ్ళు మామూలు కారు వెళ్తుంది, అదీ ఇసుక గట్టిగా ఉంటేనే. ఆ తర్వాత కాలువ దాకా ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళకి మాత్రమే దారి. మీ వాళ్ళలో ఎవరికో జీపు ఉందట, ‘చివరిదాకా పోదాం’ అంటారు. వద్దు. లోపలికి వెళ్ళేకొద్దీ గవ్వలు కలిసిన మెత్తటి ఇసుక, ఫోన్ సిగ్నల్ ఉండదు, కూరుకుపోతే బండి లాగడానికి వచ్చేవాడు అడిగే డబ్బు చూస్తే కళ్ళు తిరుగుతాయి. సముద్రం ఐదో మైలు దగ్గరా యాభయ్యో మైలు దగ్గరా ఒకటే. పార, లాగే తాడు, టైర్లలో గాలి నింపే పంపు మాత్రం ఐదు మైళ్ళకైనా ఉండాలి.

నేను గట్టిగా చెప్పేది తాబేళ్ళ గురించి. మీరు వెళ్ళే మే నెలాఖరు కెంప్స్ రిడ్లీలనే సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. మన శ్రీకాకుళం, విశాఖ తీరాలకి వచ్చే ఆలివ్ రిడ్లీలకి ఇవి దగ్గరి చుట్టాలు. అవి ఎక్కువగా రాత్రిళ్ళు వస్తే, ఇవి పట్టపగలే ఒడ్డెక్కుతాయి. అదీ మీ కార్లు తిరిగే ఇసుకలోనే. రెండడుగుల బూడిదరంగు తాబేలు, పక్కన కొట్టుకొచ్చిన నాచు కుప్పలు. నడిపేవాడికి తేడా తెలియదు. గాలి బాగా వీచే రోజుల్లో ఎక్కువగా వస్తాయి, ఆ గాలికే వాటి జాడ చెరిగిపోతుంది. 1978 నుంచి మెక్సికోలోని రాంచో నుయెవో తీరం నుంచి గుడ్లు తెచ్చి మరీ ఇక్కడ ఈ జాతిని నిలబెట్టారు. కాబట్టి బోర్డు మీద ఉన్న వేగం కన్నా నెమ్మదిగా నడపండి, పక్క సీట్లో ఒకరు ఇసుకనే చూస్తూ ఉండాలి.

తాబేలు కనిపిస్తే బండి ఆపి, దూరంగా నిలబడి, వెనక వచ్చే బళ్ళని కూడా ఆపండి. ముట్టుకోకూడదు, ఎదురుగా వెళ్ళి సెల్ఫీలు తీయకూడదు. ముప్పావుగంటలో దాని పని అయిపోతుంది. అది వెళ్ళాక గూటిలో గుచ్చకుండా పక్కన కర్రో ఏదో గుర్తుగా పెట్టి, వీలైనంత త్వరగా తాబేళ్ళ గస్తీ సిబ్బందికి చెప్పండి. పిల్ల తాబేళ్ళని సముద్రంలోకి వదలడం చూడాలంటే జూన్ మధ్య నుంచి ఆగస్టు దాకా ఎప్పుడైనా మళ్ళీ రావాలి. తెల్లారుజామునే వదులుతారు, రేపు వదులుతారన్న సంగతి కూడా ఆఖరి నిమిషంలోనే తెలుస్తుంది.

టెంట్ అలలకి దూరంగా, ఇసుక దిబ్బల వైపు వేయండి, దిబ్బల మీద మాత్రం కాదు. ఆ గడ్డి వేళ్ళే ఇసుకని పట్టి ఉంచుతాయి, పైగా అందులో రాటిల్ స్నేక్స్ అనే విషపు పాములు ఉంటాయి. పొడవాటి మేకులు కొనండి, మామూలువి ఇసుకలో నిలవవు. ఆ గాలికి స్టవ్ మీద వంట పెద్ద టెన్షన్. పులిహోర చేసుకెళ్ళండి. రాత్రి తిండి సామాను కారులో పెట్టి తలుపులేయండి, నక్కల్లాంటి కయోటీలు తిరుగుతాయి.

నీళ్ళలోకి దిగేటప్పుడు పాదాలు ఎత్తకుండా జరుపుతూ నడవండి, తోక ముల్లుతో పొడిచే టేకు చేపలు ఉంటే తప్పుకుంటాయి. ఒడ్డున నీలం బుడగల్లాంటి సముద్ర జీవులు పడి ఉంటే తాకొద్దు, అవి చచ్చిపోయి ఉన్నా కుడతాయి. ఒడ్డుకి కొట్టుకొచ్చే తారు కాళ్ళకి అంటుకుంటే కొబ్బరినూనెతో పోతుంది.

తిరిగొచ్చేటప్పుడు కార్పస్ క్రిస్టీలో కారు అడుగు భాగం కడిగించు, ఉప్పు తినేస్తుంది. సిగ్నల్ రాగానే నాకు ఫోన్ చెయ్యి. సోమవారం మధ్యాహ్నానికి నీ ఫోన్ రాకపోతే నేనే పార్కు వాళ్ళకి ఫోన్ చేస్తాను.

పెదనాన్న